అప్‌డేట్: ఏసీ ప్యానెల్ మార్చాను, సమస్య తీరింది

రెండు వారాల కిందట అడిగాను. కారు ఎండలో నిలిపితే డాష్‌బోర్డులోని ఆటో ఏసీ డిస్‌ప్లే ఆరిపోయేది, బటన్లు నొక్కినా పలికేవి కావు. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ మామూలే. గ్యాస్ తగ్గిందేమో అని చాలామంది అన్నారు. ఒకన్న మాత్రం ముందు ఫ్యూజు చూడమని, అది బాగుంటే డిస్‌ప్లే, బటన్లు ఉండే ప్యానెలే పోయిందని చెప్పారు. ఆయన మాటే నిజమైంది, చాలా థాంక్స్ అన్నా.

విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ప్యానెల్ దొరికింది. చూడటానికి ఒకేలా ఉన్నవి మూడు చూపించారు. వెనక స్టిక్కర్ మీద పార్ట్ నంబరు కలిసింది ఒక్కటే. దయచేసి నంబరు చూడకుండా కొనకండి.

ఆదివారం నేనే బిగించాను. బ్యాటరీ నెగటివ్ తీసి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీని మెల్లగా లేపితే నాలుగు స్క్రూలు, వెనక రెండు కనెక్టర్లు. వైర్లు పట్టుకుని లాగకూడదు. కనెక్టర్ పక్కనున్న చిన్న లాక్ నొక్కితే అదే జారి వస్తుంది. నా కారులోంచి తీసిన ప్యానెల్ విప్పి చూస్తే బోర్డు మీద ఒక టంకం చుట్టూ వెంట్రుకంత పగులు. వేడెక్కినప్పుడల్లా అది విచ్చుకుంటోందన్నమాట.

కొత్తగా బిగించింది వెలిగింది కానీ గాలి వేడిగా వచ్చింది. టెన్షన్ పడ్డాను. తాళం ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఏ బటనూ ముట్టుకోకుండా కాసేపు వదిలేశాను. గాలి దారి మార్చే చిన్న మోటార్లు లోపల టిక్‌టిక్‌మంటూ అటూ ఇటూ తిరిగి సర్దుకున్నాయి.

నాలుగు రోజులుగా మిట్టమధ్యాహ్నం కూడా డిస్‌ప్లే ఆరలేదు. నిన్న వెనక సీట్లోంచి అమ్మ "కాస్త తగ్గించరా, చలేస్తోంది" అంది.