ఆరేళ్ల ఆటకే అగ్రపీఠమా? శాండీ కోఫాక్స్‌పై వాదోపవాదాలు

స్కోరుపుస్తకం:
"బేస్‌బాల్ చరిత్రలో అత్యుత్తమ పిచర్ శాండీ కోఫాక్స్, ఇందులో రెండో మాటే లేదు" అని వేరే చర్చలో ఒకరు తేల్చేశారు. నా దగ్గర రెండో మాట ఉంది. అందుకే ఈ అంశాన్ని విడిగా పెడుతున్నాను.

ఈ ఆట పెద్దగా చూడని వారి కోసం: పిచర్ అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు, సగటున ఎన్ని పరుగులిచ్చాడన్నది అతనికి ప్రధాన కొలమానం. ఎంత తక్కువైతే అంత మంచిది. బ్యాటర్ కొట్టబోయి తప్పిన బంతి, లేదా నిర్ణీత పరిధిలోంచి వెళ్తున్నా వదిలేసిన బంతి స్ట్రైక్. మూడు స్ట్రైకులు పడి ఔటైతే స్ట్రైకౌట్. ప్రధాన పోటీలో నేషనల్, అమెరికన్ అని రెండు లీగులుంటాయి; ఏటా ఒక్కో లీగ్‌లో ఉత్తమ పిచర్‌కు సై యంగ్ అవార్డు ఇస్తారు.

కోఫాక్స్ 1955 నుంచి 1966 దాకా డాడ్జర్స్ జట్టుకే (1957 దాకా బ్రూక్లిన్‌లో, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో) ఆడాడు. మొత్తం 165 విజయాలు, 87 పరాజయాలు. 1960 వరకు చూస్తే 36 విజయాలు, 40 పరాజయాలు. అంటే కెరీర్‌లో సగం కాలం గెలిచిన దానికంటే ఓడిందే ఎక్కువ. వారెన్ స్పాన్ కూడా ఎడమచేతి పిచరే, అతనివి 363 విజయాలు. రాండీ జాన్సన్ కూడా ఎడమచేతివాడే: 303 విజయాలు, 4,875 స్ట్రైకౌట్లు, అయిదు సై యంగ్‌లు. కోఫాక్స్ గొప్పవాడు కాడని నేను అనడం లేదు. అందరికంటే పైన కూర్చోబెట్టడానికి ఆరేళ్లు సరిపోతాయా అని అడుగుతున్నాను.

ఇంకో సంగతి. ఆ ఆరేళ్లలో కాలం కూడా అతనికి కలిసొచ్చింది. 1962లో తెరిచిన డాడ్జర్ స్టేడియం పిచర్లకు స్వర్గం. అక్కడ అతని సగటు 1.37. 1963 నుంచి స్ట్రైక్ ఇచ్చే పరిధిని పెంచారు. పిచర్ నిలబడే మట్టిదిబ్బ అప్పట్లో 15 అంగుళాలు. పిచర్ల ఆధిపత్యం భరించలేక 1969లో దాన్ని 10 అంగుళాలకు తగ్గించారు, స్ట్రైక్ పరిధినీ కుదించారు.

ఎడమచేతివాటం:
ఆ 36–40 లెక్క వెనుక ఏముందో చెప్పకుండా వదిలేస్తే ఎలా?

అప్పట్లో ఒక నిబంధన ఉండేది. 4,000 డాలర్లకు మించి బోనస్ ఇచ్చి ఎవరినైనా తీసుకుంటే, అతన్ని రెండేళ్లపాటు ప్రధాన జట్టులోనే ఉంచాలి. డబ్బున్న క్లబ్బులు కుర్రాళ్లను కొని దాచిపెట్టుకోకుండా పెట్టిన నియమం అది. కోఫాక్స్‌కు 14,000 డాలర్ల బోనస్ ఇచ్చారు. దాంతో 19 ఏళ్ల కుర్రాడు చిన్న లీగుల ముఖమే చూడకుండా నేరుగా బ్రూక్లిన్ జట్టులో కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు. మొదటి రెండు సీజన్లలో కలిపి అతనికి దక్కినవి దాదాపు 100 ఇన్నింగ్స్. అతనికి చోటివ్వడానికి కింది లీగుకు పంపిన పిచర్ టామీ లసోర్డా, తర్వాత అదే డాడ్జర్స్‌కు మేనేజర్‌గా పేరు తెచ్చుకున్నవాడు.

మిగతావాళ్లు ఎవరూ చూడని చిన్న ఊళ్లలో తప్పులు చేసి నేర్చుకున్నారు. ఇతను తన తప్పులన్నీ లోకం ముందే చేయాల్సి వచ్చింది. వేగం ఉంది, అదుపు లేదు. వారానికోసారి ఆడిస్తే అదుపు ఎక్కడి నుంచి వస్తుంది? 1960 చివర్లో విసుగెత్తి తన సామాను చెత్తబుట్టలో పడేస్తే, దుస్తుల గది చూసుకునే ఆయన దాన్ని తీసి దాచిపెట్టాడు. 1961 సన్నాహక మ్యాచ్‌లలో క్యాచర్ (బ్యాటర్ వెనుక ఉండి బంతి పట్టేవాడు) నార్మ్ షెర్రీ ఒక్క మాట చెప్పాడు: అంత బలంగా విసరకు, కాస్త తగ్గించు. తగ్గించాడు. ఆ ఏడాది 18 విజయాలు, 269 స్ట్రైకౌట్లు. 1900 తర్వాత నేషనల్ లీగ్‌లో అప్పటికి అదే రికార్డు.

1962 నుంచి 1966 వరకు వరుసగా అయిదేళ్లు లీగ్‌లో అతి తక్కువ సగటు ఇతనిదే. మూడు సై యంగ్‌లు, మూడూ ఏకగ్రీవం. అప్పట్లో రెండు లీగులకూ కలిపి ఒకే అవార్డు ఇచ్చేవారు. రాండీ జాన్సన్ అయిదింటితో పోల్చేటప్పుడు ఆ సంగతి కూడా రాయండి.

కృష్ణలంక:
నాకు అభ్యంతరం వేరే ఉంది. 1966లో 27 విజయాలు, సగటు 1.73. అది అతని అత్యుత్తమ సంవత్సరం. ఆ నవంబరులోనే 30 ఏళ్ల వయసులో మోచేతి బాధతో ఆట వదిలేశాడు. ఓపిక పట్టి ఉంటే? అదే డాడ్జర్స్‌కు ఆడిన టామీ జాన్ 1974లో మోచేతి శస్త్రచికిత్స చేయించుకుని మళ్లీ వచ్చాడు. అతని 288 విజయాల్లో 164 ఆ తర్వాత వచ్చినవే. నిలబడి పోరాడినవాడికంటే ముందే వెళ్లిపోయినవాడికి ఎక్కువ మర్యాద ఎందుకు?

ఎముకల వార్డు:
కృష్ణలంక గారూ, మీరు చెప్పిన శస్త్రచికిత్స 1966లో లేదు. దాన్ని మొదటిసారి చేసిన ఫ్రాంక్ జోబ్, కోఫాక్స్‌కు చికిత్స చేసిన రాబర్ట్ కెర్లాన్ కలిసి పనిచేసిన డాక్టర్లే. అయినా ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన వైద్యం కోసం ఏ రోగి ఎదురు చూడగలడు? పైగా టామీ జాన్‌కు తెగింది స్నాయువు. కోఫాక్స్‌కు కెర్లాన్ నిర్ధారించింది గాయం వల్ల వచ్చిన కీళ్లవాతం. కీలే అరిగిపోతుంటే స్నాయువు మార్చి ఏం లాభం?

1964 ఆగస్టులో పరుగు తీస్తూ రెండో బేస్‌కు (పరుగు దారిలోని మజిలీలే బేస్‌లు) తిరిగి దూకుతూ అతను ఎడమ మోచేతి మీద పడ్డాడు. పది రోజులు తిరక్కుండానే అతని ఆ సీజన్ ముగిసింది. మరుసటి వసంతంలో ఒక మ్యాచ్ ఆడి నిద్రలేచేసరికి చేయంతా లోపల రక్తం చిమ్మి నల్లగా కమిలిపోయింది. వారానికి ఒకసారి విసరగలిగితే గొప్పని కెర్లాన్ చెప్పాడు. ఆ ఏడాది అతను విసిరినవి 335 ఇన్నింగ్స్‌కు పైనే, మరుసటి ఏడాది 323. ఇప్పటి పిచర్లలో 200 దాటేవాళ్లే అరుదు.

ఎలా విసిరాడు? మోచేతిలోకి కార్టిసోన్ ఇంజెక్షన్లు. నొప్పికి కోడీన్. వాపుకు ఫినైల్‌బ్యూటజోన్, ఇప్పుడు ఎక్కువగా గుర్రాలకు వాడే మందు. మ్యాచ్‌కు ముందు క్యాప్సొలిన్ అనే లేపనం, మిరపలోని ఘాటుతో చేసింది. పచ్చిమిరపకాయలు కోసిన చేత్తో కన్ను నలుపుకున్నవాళ్లకు దాని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. దాన్ని భుజం నుంచి మోచేతి దాకా పట్టించేవారు. మ్యాచ్ అయ్యాక అదే మోచేతిని మంచునీళ్ల తొట్టెలో ముంచి కూర్చునేవాడు. చేయి నిటారుగా చాచడం కుదరక వంగే ఉండిపోతే, దర్జీ చేత కోటు ఎడమ చేతిని పొట్టిగా కుట్టించుకున్నాడు.

చేయి శాశ్వతంగా పనికిరాకుండా పోయే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్పారు. ఆట తర్వాత బతకాల్సిన ఏళ్లు ఇంకా చాలా ఉన్నాయి, వాటిని పూర్తి శరీరంతో బతకాలి అనుకుంటున్నానని అతను విలేకరులకు చెప్పాడు. దీన్ని పారిపోవడం అంటే నేను ఒప్పుకోను.

స్కోరుపుస్తకం:
వైద్యం సంగతి బాగుంది. సానుభూతి నాకూ ఉంది. అయితే సానుభూతి గణాంకం కాదు కదా.

1964 తీసుకోండి. సొంత మైదానంలో 0.85, బయట 2.93. బయటి అంకె మంచిదే, కానీ అందులో అద్భుతమేమీ లేదు. మరోవైపు పెడ్రో మార్టినెజ్‌ను చూడండి. 2000లో బ్యాటర్లు చెలరేగిపోతున్న కాలంలో, అమెరికన్ లీగ్ సగటు 5కు దగ్గరగా ఉన్నప్పుడు, అతని సగటు 1.74. అది కష్టమా, ఎత్తయిన దిబ్బ మీద నుంచి 1.73 కష్టమా?

ఇంకో పేరు ఎవరూ ఎత్తడం లేదు: హువాన్ మారిషాల్. అదే కాలం, అదే లీగ్. 1966లో 25 విజయాలు, 6 పరాజయాలు. కెరీర్ మొత్తంలో 243 విజయాలు. ఆ ఏడాది సై యంగ్ ఓట్లన్నీ కోఫాక్స్‌కే పడ్డాయి, ఇతనికి ఒక్కటీ రాలేదు. కథలకు ఉన్న బలం అది.

ఎడమచేతివాటం:
1964 ఒక్కటే ఎంచుకున్నారు. 1966 కూడా చూడండి: ఇంట 1.52, బయట 1.96. బయటి మైదానాలన్నీ కూడా స్వర్గాలేనా?

అంతకుముందు సంగతీ వదిలేశారు. 1958 నుంచి 1961 వరకు డాడ్జర్స్ ఆడింది లాస్ ఏంజెలెస్ కొలిజియంలో. అథ్లెటిక్స్ కోసం కట్టిన ఆ మైదానంలో ఎడమవైపు కంచె 250 అడుగులకే వచ్చేసేది. మామూలు క్యాచ్ కావాల్సిన బంతి కంచె దాటి పోయేది. ఆ మైదానం చేసిన నష్టం మీ లెక్కలోకి రాలేదు, డాడ్జర్ స్టేడియం చేసిన మేలు మాత్రం వచ్చింది.

పెడ్రో గురించి మీతో వాదించను. ఆ ఒక్క సీజన్‌కు సాటి లేదు. కానీ అతను ఆ ఏడాది విసిరింది 217 ఇన్నింగ్స్. కోఫాక్స్ 1966లో మరో 106 ఎక్కువ విసిరాడు, 27 మ్యాచ్‌లు మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తానే ముగించాడు. ఆ మోచేతితో.

1965 అక్టోబరు 14. రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో ఏడో మ్యాచ్, మిన్నెసోటాలో. రెండు రోజుల విరామంతోనే దిగాడు. మొదట్లోనే కర్వ్‌బాల్, అంటే వంపు తిరిగే బంతి, మాట వినడం మానేసింది. ఆ సంగతి అతనికీ క్యాచర్ జాన్ రోజ్‌బరోకూ తెలుసు. ఇక మిగిలింది ఫాస్ట్‌బాల్ ఒక్కటే. ఏది రాబోతోందో ఎదుటివాళ్లకూ తెలిసిపోయాక కూడా తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఇచ్చినవి మూడే హిట్లు (బ్యాటర్ కొట్టి క్షేమంగా బేస్ చేరినవి), పరుగులు సున్నా, స్ట్రైకౌట్లు 10. స్కోరు 2–0. దీనికి మట్టిదిబ్బ ఎత్తు కారణమంటే, అవతలి పిచర్ జిమ్ కాట్ కూడా అదే దిబ్బ మీద నిలబడ్డాడు.

గోదావరి ఎక్స్‌ప్రెస్:
ఇంత రాసి పర్ఫెక్ట్ గేమ్ గురించి చెప్పకపోవడం అన్యాయం. 1965 సెప్టెంబరు 9, ప్రత్యర్థి చికాగో కబ్స్. 27 మంది బ్యాటర్లు వచ్చారు, 27 మందీ వెనుదిరిగారు. చివరి ఆరుగురూ స్ట్రైకౌట్లే. నాకు మాత్రం అవతలి పిచర్ బాబ్ హెండ్లీ మీదే జాలి. ఆ రాత్రి అతను ఇచ్చింది ఒకే ఒక్క హిట్, దానివల్ల పరుగు కూడా రాలేదు. డాడ్జర్స్‌కు దక్కిన ఏకైక పరుగు కబ్స్ క్యాచర్ తప్పుడు త్రో పుణ్యం. 1–0తో ఓడిపోయాడు. అయిదు రోజుల తర్వాత ఇద్దరూ మళ్లీ తలపడితే 2–1తో హెండ్లీయే గెలిచాడు. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

కృష్ణలంక:
ఎముకల వార్డు గారు చెప్పింది చదివాక నా ప్రశ్న కోఫాక్స్ మీద నుంచి క్లబ్బు మీదికి మళ్లింది. కీళ్లవాతం అని తెలిశాక కూడా రెండేళ్లలో 82 మ్యాచ్‌లు అతనితోనే మొదలుపెట్టించిన వాళ్లను ఎవరూ నిలదీయలేదా?

పిచర్‌కు వేరే దారీ లేదు. అప్పటి రిజర్వ్ నిబంధన ప్రకారం ఒకసారి సంతకం పెట్టాక క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు మరో జట్టుకు వెళ్లలేడు. 1966 వసంతంలో కోఫాక్స్, జట్టులోని మరో పిచర్ డాన్ డ్రైస్‌డేల్ ఒక్కటై, ఇద్దరికీ కలిపి మూడేళ్లకు పది లక్షల డాలర్లు ఇస్తేనే ఆడతామని భీష్మించారు. ఒకరి జీతం చూపించి మరొకరిని తగ్గించే ఆట క్లబ్బు అంతకుముందు ఆడింది మరి. నెల రోజుల పైన బిగించి కూర్చుంటే చివరికి దక్కినవి కోఫాక్స్‌కు 1,25,000, డ్రైస్‌డేల్‌కు 1,10,000, అదీ ఒక్క ఏడాదికి. స్టేడియం నింపేది వాళ్లు, ధర నిర్ణయించేది యజమాని. ఆటగాళ్లకు ఆ సంకెల తెగింది 1975 చివర్లో, అదీ ఇంకో డాడ్జర్స్ పిచర్ ఆండీ మెసర్‌స్మిత్ పోరాడితే.

ఇలా చూస్తే ఆ నవంబరు విలేకరుల సమావేశం నాకు వేరేగా కనిపిస్తోంది. కాస్త ఆగమని జనరల్ మేనేజర్ బజీ బవాసీ కోరాడు. ఇతను ఆగలేదు. క్లబ్బు అనుమతి అక్కర్లేకుండా ఆ రోజుల్లో ఆటగాడు తీసుకోగలిగిన నిర్ణయం అదొక్కటే.

ఎముకల వార్డు:
క్లబ్బును వెనకేసుకు రావడం లేదు గానీ, ఒక్క మాట. బంతి అడిగి తీసుకున్నది అతనే. 1966 అక్టోబరు 2న ఫిలడెల్ఫియాలో లీగ్ కిరీటం తేలాల్సిన రోజు, మళ్లీ రెండు రోజుల విరామంతో దిగి మ్యాచ్ మొత్తం విసిరి 6–3తో గెలిపించాడు. నాలుగు రోజులకు వరల్డ్ సిరీస్‌లో అతని చివరి మ్యాచ్. డాడ్జర్స్ ఫీల్డర్ విల్లీ డేవిస్ ఒకే ఇన్నింగ్స్‌లో మూడు తప్పులు చేశాడు. బాల్టిమోర్ తరఫున గెలిచింది 20 ఏళ్ల జిమ్ పామర్. ఆ వయసుకు కోఫాక్స్ ఇంకా బెంచీ మీదే ఉన్నాడు.

స్కోరుపుస్తకం:
దిగ్గజాలకు గౌరవస్థానమైన హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్లు 1972లోనే, అతనికి 36 ఏళ్లు ఉండగా, మొదటి ప్రయత్నంలోనే లోపలికి పంపారు. అంత చిన్న వయసులో ఎన్నికైనవాడు ఇప్పటికీ మరొకడు లేడు. ఆ ఎన్నికతో నాకు తగవు లేదు. హాల్‌లో చోటు వేరు, జాబితాలో మొదటి వరుస వేరు.

నా మొదటి వరుసలో రాండీ జాన్సన్, పెడ్రో ఉన్నారు. కోఫాక్స్ వెంటనే తర్వాతి వరుసలో ఉన్నాడు, పక్కనే మారిషాల్. ఎడమచేతివాటం గారు ఇన్ని చెప్పినా మారిషాల్ గురించి ఒక్క ముక్క కూడా జవాబివ్వలేదు. దానికోసం ఎదురు చూస్తున్నాను.

ఎడమచేతివాటం:
ఇస్తాను. 1966లో మారిషాల్ సగటు 2.23. కోఫాక్స్ 1.73. ఓట్లు ఎందుకు రాలేదో అందులోనే ఉంది. ఒక్కో ఓటరు ఒకే పేరు రాయాలన్నది అప్పటి పద్ధతి, కాబట్టి రెండో స్థానానికి చోటే లేదు. ఆ పద్ధతి మీద తిట్టాలనుకుంటే నేనూ కలుస్తాను.