సమస్యాపూరణం: కత్తి పదును తగ్గ గాయమయ్యె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

*కత్తి పదును తగ్గ గాయమయ్యె*

యుద్ధాలూ, మాటల కత్తులూ, కవి కలమూ వద్దు. కత్తి అంటే మడిచే మంగలికత్తి, అంతే. తక్కువ ఖర్చులో ఇంట్లోనే సొంతంగా గడ్డం గీసుకోవడం మొదలుపెట్టినవాడి గొంతు వినపడాలి. పదును తగ్గితే గాయం తగ్గాలి కదా అని లోకం అనుకుంటుంది. ఆ ముడి విప్పడమే మీ పని. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి పాదం నడుమ అక్షరంతో కుదరాల్సిన పొత్తు, మీకు తెలిసిందే: క, గ ఒకే వర్గం, అచ్చుకు అచ్చు సరిపోయింది.

బందరు బుల్లోడు: గురువుగారూ, సెలూన్లలో సగం బ్లేడు పెట్టే కత్తి ఉంటుందిగా, దాని మీద రాయొచ్చా?

నిర్వాహకుడు: వద్దు నాయనా. దానికి పదును తగ్గేలోపే బ్లేడు తీసి పారేస్తారు. ఇక సమస్య ఎక్కడిది?

పొది: మాది తరతరాలుగా ఇదే వృత్తి. ఒక మాట చెప్పి తప్పుకుంటా. రెండంచుల బ్లేడును కాగితంతో సహా మధ్యకు విరిచి, ఒక్కో మనిషికి ఒక్కో కొత్త సగం పెడతాం. ఒకరి రక్తం ఇంకొకరికి అంటకూడదని వచ్చిన పద్ధతి అది. నూరడానికి రాయి అక్కర్లేదు, అంచు సరిచేయడానికి తోలు అక్కర్లేదు. చేతిలో డబ్బు బొత్తిగా లేనివాళ్ళు దాంతోనే చెయ్యి తిప్పడం నేర్చుకోవచ్చు. కాకపోతే ఆ బ్లేడు పల్చన, బరువు ఉండదు. చెయ్యి కాస్త వంకర పోయినా క్షమించదు. నూరే కత్తి అంతకంటే మర్యాదస్తురాలు.

కృష్ణాతీరం:

తోలుపట్టి మీద తోమక వాడిన
నాల్గు నాళ్ళలోనె నలిగె నంచు
నొక్కి గీయబోతి నున్నగా నగునని
కత్తి పదును తగ్గ గాయమయ్యె

నిర్వాహకుడు: మొదటి పూరణే గట్టిగా పడింది. మూడో పాదంలో ‘నొక్కి’ అన్నదే ఈ పద్యానికి ప్రాణం. గాయం చేసింది మొద్దుబారిన అంచు కాదు, దాన్ని నమ్మి నొక్కిన చెయ్యి. సమస్యలోని వైరుధ్యం అక్కడే విడిపోయింది.

పొది: పద్యం నాకు నచ్చింది అయ్యా, కానీ నాలుగు నాళ్ళు ఎక్కువ చెప్పారు. ఒక్క గడ్డం గీసేసరికే ఆ సన్నటి అంచు కంటికి కనపడనంతగా అటూ ఇటూ వంగుతుంది. అందుకే గీసే ముందు ప్రతిసారీ తోలు మీద లాగాలి. లాగేటప్పుడు వెన్ను ముందు నడవాలి, అంచు వెనకాల రావాలి. చివరికొచ్చాక కత్తిని వెన్ను మీదే తిప్పాలి. అంచు మీద తిప్పారో, తోలూ తెగుతుంది, అంచూ పోతుంది. మొదటి నెలలో తోలు మీద గాట్లు పెట్టనివాణ్ణి నేను చూడలేదు, అందుకే ఖరీదైన పట్టీ ముందే కొనొద్దంటాను.

లేత గడ్డం: సరిగ్గా అదే నా బాధ. చూడండి.

చౌక కత్తి తెచ్చి సంబరపడితిని
పట్టి కొనగ చేత పైకమేది
పాత బెల్టు ముక్క పనికిరాదనుకొంటి
కత్తి పదును తగ్గ గాయమయ్యె

బందరు బుల్లోడు: మొదటి పాదంలో యతి తప్పింది తమ్ముడూ. ‘చౌ’కీ ‘సం’కీ పొత్తు ఎలా కుదిరింది?

నిర్వాహకుడు: కుదిరింది. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది. ఔత్వం అకారంతో కలుస్తుంది. లేత గడ్డమే గెలిచాడు. రెండో పాదంలో ‘పట్టి’, ‘పైక’ కూడా అలాగే సరిపోయాయి. మూడో పాదంలో ‘అనుకొంటి’ అన్నాక, ఆ అనుకోవడం తప్పని పద్యం ఎక్కడా చెప్పలేదు. పాఠకుడే పూరించుకోవాలి. అది లోపమో అందమో తేల్చడం నా వల్ల కావడం లేదు.

పొది: బెల్టు బ్రహ్మాండంగా పనికొస్తుంది. నిజం తోలుదై ఉండాలి, పైన ముద్రలూ కుట్లూ ఉండకూడదు. రెక్సిన్ బెల్టయితే వద్దు. అదీ లేకపోతే పాత జీన్సు గుడ్డను చెక్క మీద బిగించి లాగండి. న్యూస్ పేపరును మడిచి చదునైన బల్ల మీద పరిచి లాగినా సరే. డబ్బు మిగుల్చుకోవాల్సింది పట్టీ దగ్గర. నూరించే దగ్గర కాదు. చవక కత్తులు చాలావరకు గడ్డం గీసే పదునుతో రావు. తెలిసినవాళ్ళ చేత ఒకసారి నూరించుకుని మొదలుపెట్టండి. పాత సామాన్లలో జర్మనీ జోలింగెన్ కత్తో, ఇంగ్లండు షెఫీల్డ్ కత్తో దొరికితే అదృష్టమే. అంచు విరిగిందా, అంచు దగ్గర తుప్పు పట్టిందా అని చూసుకోండి. పిడి పగిలినా పర్వాలేదు.

ఓరుగల్లు ఉస్తరా: మా దిక్కు కత్తి అంటే ఉస్తరానే. నేను సొంతంగ నూరుడు మొదలుపెట్టిన గోస ఇది.

వెన్ను లేపి పట్టి వేగమె నూరితి
రాయి మంచిదైన రాత చెడెను
అద్ద మెదుట నిలిచి హాయిగా గీయగ
కత్తి పదును తగ్గ గాయమయ్యె

నిర్వాహకుడు: రాయి, రాత! రెండో పాదం సామెతలా నిలబడుతుంది. మూడో పాదంలో అకారానికి ‘హా’తో యతి చెల్లుతుంది, అనుమానం వద్దు. కానీ ‘హాయిగా’ యతి కోసం వచ్చిందేమో. అంచు చెడిన కత్తితో హాయేమిటన్నా?

ఓరుగల్లు ఉస్తరా: గీసే ముందటి హాయి సార్. తర్వాతిది కాదు.

పొది: వెన్ను లేపడమే అసలు పాపం. వంటింటి కత్తిని కోణం చూసి ఎత్తి నూరుతాం. దీన్ని అలా కాదు. వెన్నూ అంచూ రెండూ రాతికి ఆనాలి. తయారుచేసినవాడు ఆ కోణాన్ని వెన్ను మందంలోనే దాచిపెట్టాడు. తోలు మీద వెన్ను ముందు నడిస్తే, రాతి మీద అంచు ముందు నడుస్తుంది. ముందు గరుకైన 1000 నంబరు రాయి మీద అంచు కట్టాలి, ఆ తర్వాత అంతకంటే సన్నటి 4000, 8000 నంబరు రాళ్ళ మీద నునుపు చేయాలి. ఆకురాయి దగ్గరికి మాత్రం పోనివ్వకండి.

సీతమ్మధార: ఆడదానికి గడ్డం పద్యమేమిటి అనకండి. రోజూ మా ఆయన అద్దం ముందు చేసే యుద్ధం చూసి రాశాను.

నీటితోనె గీయ నిప్పులు రేగెను
పటిక రాసి చూడ మంట తగ్గె
నీరు గాదు తప్పు నిజమెంచి చూడగ
కత్తి పదును తగ్గ గాయమయ్యె

నిర్వాహకుడు: అమ్మా, భావం చక్కగా నడిచింది. రెండో పాదంలో ‘ప’కూ ‘మం’కూ యతి లేదు. ‘పటిక రాయ చల్లబడియె మంట’ అని మార్చండి. ప, బ కలుస్తాయి, గణాలూ సరిపోతాయి.

సీతమ్మధార: మార్చాను, ధన్యవాదాలు. పటిక మా ఆయనది, యతి మీది.

పొది: నీటిని అంత తేలిగ్గా వదిలేయకండమ్మా. వేడినీళ్ళతో వెంట్రుక నానాలి, నురుగు దట్టంగా ఉండాలి. కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీల్లో వాల్చి, రెండో చేత్తో చర్మం బిగలాగి, వెంట్రుక పెరిగిన దిక్కుకే గీయాలి. మొదట్లో చెంపలు చాలు. గడ్డం కిందా పైపెదవీ ఆ తర్వాత చూసుకోవచ్చు. పనయ్యాక కత్తిని ఆరబెట్టి ఒక చుక్క నూనె రాయండి. అది మామూలు ఉక్కే, తడి తగిలితే తుప్పు పడుతుంది.

కందమూలం: చివరగా వచ్చాను. క్రమాలంకారం ప్రయత్నించాను.

వెండ్రుకేల తెగక వేధించె నోయన్న
చెంప మీది యెరుపు చెప్పు మేమి
అడుగుచుండ నవ్వి యద్దమ్ము పలికెను
కత్తి పదును తగ్గ, గాయమయ్యె

నిర్వాహకుడు: రెండు ప్రశ్నలు, ఒకే పాదంలో రెండు జవాబులు! పాదాన్ని మధ్యలో విరిచి రెండు ముక్కలకూ పని పెట్టారు. ‘అద్దమ్ము పలికెను’ అన్నాక పదం వృథా లేదు. నా ఓటు దీనికే. ‘నొక్కి’ అన్న ఒక్క మాట కోసం కృష్ణాతీరం పూరణ రెండోది.

పొది: నా ఓటు బెల్టు కుర్రాడికి. బెల్టు దొరికిందా తమ్ముడూ?

లేత గడ్డం: మా నాన్నది దొరికింది. కొత్తది కొనిస్తే ఇస్తానంటున్నాడు.

నిర్వాహకుడు: వచ్చే వారానికి ఇదే వరసలో ఇంకోటి. పొది గారు వివరణ ముందే ఇవ్వకూడదు.

*రాయి మెత్తనైన రాటుదేలె*