గినీ పిగ్ కంట్లో గడ్డి గుచ్చుకుంటే ఒకరోజు ఆగి చూడొచ్చా?

గడ్డిమోపు:
గినీ పిగ్ ఒక కన్ను సగం మూసుకుని ఉంది. రెప్పల కింద బొచ్చు తడిసింది. నల్లగుడ్డు మీద అద్దానికి ఊపిరి తగిలినట్టు లేత నీలపు పొర. గడ్డి మాత్రం మామూలుగానే తింటోంది. ఇలాంటప్పుడు సెలైన్‌తో కడిగి 24 గంటలు చూడమని కొందరంటారు, ఆరోజే డాక్టరుకి చూపించమని ఇంకొందరంటారు. నాది మొదటి పక్షం. కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శక పొర) పైపొర వరకే గీరుకుంటే మామూలుగా మూడు నుంచి ఏడు రోజుల్లో దానంతటదే పూడుకుంటుంది. ఇవేమో బెదిరితే తిండి మానేసే జంతువులు, పెట్టెలో పెట్టి ప్రయాణం చేయించడమే వాటికి పెద్ద గండం. పైగా కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే చోటికి వెళ్తే తప్పు మందు చేతికి రావచ్చు. ఆ మందు చేసే చెరుపు గడ్డిపుల్ల చేసినదానికంటే ఎక్కువ. తింటూ, కన్ను తెరుస్తూ ఉంటే ఒకరోజు ఆగితే తప్పేంటి?

నలుసు:
మీరు రెండు రకాల కళ్ళని ఒకే గాటన కట్టేశారు. తడిగా, కాస్త ఎర్రగా ఉన్నా నల్లగుడ్డు నిగనిగలాడుతున్న కన్ను ఒకటి. పొర కమ్మిన కన్ను ఇంకొకటి. మొదటిదాన్ని కడిగి కొన్ని గంటలు చూడొచ్చు, కాదనను. రెండోదానికి ఆ గడువు లేదు.

కార్నియా పైపొర తెగితే కింది పొరలోకి నీరు ఇంకి అది ఉబ్బుతుంది. నీలంగా కనిపించేది ఆ ఉబ్బే. అంటే గాయం ఉండటం దాదాపు ఖాయం, దాని లోతు మాత్రం మామూలు కంటికి తెలియదు. గినీ పిగ్ కార్నియా మొత్తం మందమే సుమారు పావు మిల్లీమీటరు. అందులో "కొంచెమే దిగింది" అని టార్చిలైటు వేసి ఎవరూ చెప్పలేరు. గాయంలో సూక్ష్మజీవులు చేరితే అవి వదిలే ఎంజైములకి కార్నియా జావలా కరుగుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే చిల్లు పడొచ్చు. మీరు ఆగమంటున్నది సరిగ్గా ఆ వ్యవధిలోనే.

"కన్ను తెరుస్తోంది" అన్నది భరోసా కాదు. వీటి కార్నియాకి స్పర్శ తక్కువ, రెప్ప వేయడం అరుదు, మూడోరెప్ప పేరుకి మాత్రమే ఉంటుంది. కళ్ళేమో పక్కలకి పొడుచుకొచ్చి ఉంటాయి. గడ్డి గుచ్చుకోవడానికి కారణాలు ఇవే, గుచ్చుకున్నా మనకి ఆలస్యంగా తెలియడానికి కారణాలూ ఇవే.

లోతు తేల్చేది ఫ్లోరెసిన్ పరీక్ష. రంగు పట్టిన కాగితపు పట్టీని ఒక సెలైన్ చుక్కతో తడిపి, రెప్ప లోపలి అంచుకి తాకించి, మిగులు రంగు కడిగేసి, నీలి లైటు వేస్తారు. పైపొర లేచిపోయిన చోటు పచ్చగా వెలుగుతుంది. రెండు మూడు నిమిషాల పని. ఇందులో ఒక మెలిక ఉంది. చుట్టూ పచ్చగా ఉండి నడిమధ్య రంగు పట్టకపోతే అక్కడ బాగుందని కాదు, గాయం దాదాపు చివరి పొర దాకా దిగిందని. ఆ పొరకి రంగు పట్టదు.

తువ్వాలుమడత:
ఆగినా వెళ్ళినా ముందు కడగాలి కదా, తప్పులు జరిగేది అక్కడే.

వాడాల్సింది 0.9 శాతం స్టెరైల్ సెలైన్, వీలైతే ఒక్కసారికే సరిపోయే చిన్న ప్లాస్టిక్ గొట్టం. ఎప్పుడో మూత తీసి దాచిన సీసా వద్దు. కాంటాక్ట్ లెన్సులు శుభ్రం చేసే ద్రవం సెలైన్ కాదు, కొన్నింట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. ఇంట్లో కలిపిన ఉప్పునీళ్ళలో పాళ్ళూ కుదరవు, శుద్ధీ ఉండదు. గొట్టాన్ని కాసేపు గుప్పిట్లో పట్టుకుని చల్లదనం పోగొట్టండి.

ముందు కాళ్ళు లోపలికి వచ్చేలా తువ్వాల్లో చుట్టి, వెనకభాగానికి చెయ్యి ఆనించి పట్టుకోవాలి. ఛాతీ దగ్గర బిగిస్తే ఊపిరి ఆడదు. గాయమైన కన్ను కొంచెం కిందికి ఉండేలా తల వంచితే నీళ్ళు ముక్కులోకి పోకుండా తువ్వాలు మీదికి జారతాయి. సూది తీసేసిన 5 మిల్లీలీటర్ల సిరంజితో, ముక్కువైపు మూల నుంచి బయటికి, ధార కొట్టకుండా మెల్లగా పోయాలి. మొత్తం 5 నుంచి 10 మిల్లీలీటర్లు చాలు. తర్వాత కిందిరెప్పని బొటనవేలితో కాస్త లాగి చూడండి, పైరెప్పని కాస్త ఎత్తి చూడండి. గడ్డిగింజ పొట్టు తరచూ రెప్ప వెనకే దాక్కుంటుంది. నీళ్ళతో పాటు కదిలేది వదులుగా ఉన్న నలుసు, అది కొట్టుకుపోతుంది. రెండోసారి పోసినా కదలకపోతే అక్కడితో ఆపాలి.

దూది పుల్ల పెట్టొద్దు, దాని పోగులే కొత్త గీతలు పెడతాయి. పట్టకారు అసలే వద్దు. నల్లగుడ్డులోకి దిగిన పుల్ల ఆ రంధ్రానికి బిరడాలా ఉంటుంది. లాగేస్తే లోపలి నీరు కారిపోతుంది, ఆ వెంటే ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) రంధ్రంలోకి తోసుకొస్తుంది. పుల్ల కొంచెం బయటికి కనబడుతున్నప్పుడు చెయ్యి ఊరుకోదు, నిజమే. ఊరుకోవాలి.

గడ్డిమోపు:
లోతు సంగతి ఒప్పుకున్నా. నా రెండో మాటకి ఎవరూ జవాబివ్వలేదు. రంగు పరీక్ష చేయకుండా "కన్ను ఎర్రబడింది" అని యాంటీబయాటిక్, డెక్సామెథసోన్ కలిపిన చుక్కలు రాసిస్తే? ఇంట్లో కూర్చున్న గినీ పిగ్ కన్ను అంతకంటే భద్రం కదా?

చుక్కలమందు:
ఆ భయం నూటికి నూరుపాళ్ళు సరైనదే. మీరు దాన్నుంచి తీసిన తీర్మానం మాత్రం సరికాదు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్... గాయం తెరిచి ఉన్న కార్నియా మీద ఏ స్టెరాయిడూ పడకూడదు. పైపొర పూడటాన్ని అడ్డుకుంటుంది, సూక్ష్మజీవులకి దారి ఇస్తుంది, కరిగే గుణాన్ని పెంచుతుంది. ఎరుపు తగ్గి కన్ను బాగుపడినట్టు కనబడుతుంది కూడా, అదే మోసం. దీనికి మందు వెళ్ళకపోవడం కాదు, వెళ్ళేముందు ఫోన్ చేసి "ఫ్లోరెసిన్ పట్టీలు ఉన్నాయా, గినీ పిగ్స్‌ని చూస్తారా" అని అడగడం. చుక్కలు చేతికిస్తే పెట్టె మీద మందు పేర్లు చదవండి. రెండు పేర్లుంటే రెండోది స్టెరాయిడా అని అక్కడే అడగండి. ఇంట్లో మిగిలిపోయిన మనుషుల చుక్కలు వాడాలనుకునేవాళ్ళకీ ఇదే హెచ్చరిక.

మామూలు గాయానికి ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, టోబ్రామైసిన్ లాంటి చుక్కలు రోజుకి మూడు నాలుగుసార్లు రాస్తారు, తీవ్రంగా ఉంటే గంటా రెండు గంటలకోసారి. ఒకసారికి ఒక్క చుక్క చాలు, మిగతాదంతా బుగ్గ మీదికే పోతుంది. రెండు రకాలుంటే మధ్య కనీసం 5 నిమిషాలు. ఆయింట్‌మెంట్ ఎప్పుడూ చివర. సీసా మొన కంటికి గానీ బొచ్చుకి గానీ తగలకూడదు.

నోటిమందు ఇస్తే ఇంకో జాగ్రత్త. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా గినీ పిగ్‌కి ఇవ్వకూడదు. పేగుల్లో ఉండాల్సిన మంచి బాక్టీరియా చచ్చి క్లోస్ట్రిడియం అనే చెడ్డ బాక్టీరియా పెరుగుతుంది, దాని విషానికి ప్రాణమే పోవచ్చు. కన్ను దక్కించుకుని జంతువుని పోగొట్టుకోవడం ఇదే.

నలుసు:
బాసిట్రాసిన్ కలిసిన ఆయింట్‌మెంట్లనీ ఆ జాబితాలో చేర్చండి. ముఖం తుడుచుకుని కాళ్ళు నాకే జంతువు, కంట్లో పెట్టింది కాసేపటికి కడుపులో ఉంటుంది. చిల్లు పడిందన్న అనుమానం ఉంటే ఏ ఆయింట్‌మెంటూ వద్దు, ఆ జిడ్డు కంటి లోపలికి పోతే అదో కొత్త వాపు. నొప్పి తగ్గే మందు విడిగా అడగండి. మెలోక్సికామ్ సాధారణంగా రాస్తారు, మోతాదు తూకాన్ని బట్టి డాక్టరే చెప్పాలి. పరీక్షకి వేసే మత్తు చుక్కలు ఇంటికి తెచ్చుకునేవి కావు. పదేపదే వేస్తే పైపొర పెరగనివ్వవు.

తువ్వాలుమడత:
మెడ చుట్టూ గరాటా పట్టీ కట్టాలా అన్నదాంట్లో మీరు ఎటు? గోకకుండా ఉంటుందని చాలామంది కట్టిస్తారు. నాకు అది నచ్చదు. గినీ పిగ్ తన మెత్తటి మలాన్ని నేరుగా అందుకుని తినాలి, బి విటమిన్లు కొంతవరకు అలాగే దక్కుతాయి. పట్టీ ఉంటే నోరు అందదు, గడ్డిబుట్ట అంచుకి తగిలి తినడమూ తగ్గుతుంది. నొప్పి తగ్గితే గోకడం దానంతటదే తగ్గుతుంది.

చుక్కలమందు:
చాలా సందర్భాల్లో ఒప్పుకుంటా, కుట్లు వేసిన కంటికి మాత్రం ఒప్పుకోను. అక్కడ ఒక్క గోటి గీత చాలు. అప్పుడు మెత్తటి గుడ్డ పట్టీ కట్టి, దగ్గర ఉండి రోజుకి కొన్నిసార్లు విప్పాలి. విప్పే ఓపిక లేనివాళ్ళు కట్టొద్దు.

మూడోపూట:
అసలు గాయమే కానివి కూడా ఉంటాయి, వాటిని కలగలపొద్దు. ముఖం తుడుచుకునే ముందు రెండు కళ్ళలోంచీ పాలలాంటి ద్రవం వచ్చి క్షణాల్లో పోతుంది, అది వాటి స్నానం. కిందిరెప్ప దగ్గర బఠాణీలా ఉబ్బి ఉంటే సాధారణంగా కొవ్వు. తెలుపు ఉపరితలం మీద కాకుండా కంటిపాప లోపల ఉంటే శుక్లం కావచ్చు. రెండు కళ్ళకీ పుసి కట్టి తుమ్ములూ ఉంటే శ్వాసకోశం చూడాలి. గడ్డి ఊసే లేకుండా ఒక కన్ను రోజురోజుకీ ముందుకి పొడుచుకొస్తుంటే దవడపళ్ళ వేరు దగ్గర చీముగడ్డ ఉందేమో చూడాలి. దానికి ఎన్ని చుక్కలు పోసినా వృథా.

ఇంకోటి, కంటి ధ్యాసలో పడి కడుపుని మరిచిపోతారు. రోజూ ఒకే వేళకి వంటింటి తూకం మీద పెట్టి గ్రాముల్లో రాసిపెట్టండి. 12 గంటలు ఏమీ తినకపోతే కంటికంటే అదే ముందు ప్రమాదం, పేగుల కదలిక ఆగిపోతుంది. విటమిన్ సి ని వీటి ఒళ్ళు తయారుచేసుకోలేదు, అది లేకపోతే గాయం పూడ్చే కొల్లాజెన్ తయారవదు. మామూలుగా కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బులో ఇంకొంచెం ఎక్కువే ఇస్తారు. నీళ్ళలో కలిపితే త్వరగా పాడవుతుంది, నోట్లో వేయండి.

గడ్డిమోపు:
సరే, నా 24 గంటలు వెనక్కి తీసుకుంటున్నా, పూర్తిగా కాదు. నల్లగుడ్డు నిగనిగలాడుతూ తడి మాత్రమే ఉంటే కడిగి 12 గంటలు, అది కూడా తింటుంటేనే. పొర కనిపించినా, రెప్ప బిగించినా, పుల్ల కదలకపోయినా ఆరోజే. ప్రయాణంలో జతగాణ్ణి కూడా అదే పెట్టెలో పెట్టి, గడ్డి వేసి, పైన గుడ్డ కప్పితే బెదురు తగ్గుతుందన్నది కూడా లెక్కలోకి తీసుకుంటా.

నలుసు:
ఆ 12 గంటలూ నాకింకా ఎక్కువే అనిపిస్తోంది. నాలుగు గంటలకోసారి పక్క నుంచి లైటు వేసి చూస్తానంటే సరే. పక్క నుంచే ఎందుకంటే, ఎదురుగా వేస్తే మెరుపులో చిన్న గుంట కనబడదు. చుక్కలు మొదలుపెట్టాక రెండు మూడు రోజులకి మళ్ళీ రంగు వేయించండి. వారం దాటినా పచ్చగా వెలుగుతుంటే మందు మార్చేముందు పైరెప్ప లోపల గడ్డి తునక ఉందేమో ఇంకోసారి వెతకమనండి. కన్ను తెరిచింది కదా అని చుక్కలు ఆపేయొద్దు, రంగు పట్టడం మానేశాకే ఆపాలి.