కవలల్లో ఒక బిడ్డ బరువు తక్కువగా ఉందన్నారు, ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్తే. మా ఆవిడ కడుపులో కవలలు, 30 వారాలు నిండాయి. నిన్న స్కానింగ్‌లో ఒక బిడ్డ 1500 గ్రాములు, ఇంకో బిడ్డ 1150 గ్రాములు అని వచ్చింది. 'రెండు వారాలయ్యాక రండి, డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) చూద్దాం' అని పంపేశారు. ఇంట్లో మా అమ్మేమో 'పిల్ల సరిగ్గా తినట్లేదు, అందుకే' అంటూ గుడ్లు, పాలు బలవంతంగా పెడుతోంది. మా ఆవిడ రాత్రంతా ఏడుస్తూనే ఉంది. నిజంగా తిండి వల్లేనా?

జవాబు (కవలల తల్లిని):
తమ్ముడూ, ముందు ఆ అమ్మాయి కళ్లు తుడువు. తను తిన్నది ఇద్దరికీ ఒకే రక్తంలోంచి అందుతుంది, తేడా వచ్చేది మాయ దగ్గరే. మాయలో ఒక బిడ్డకి చిన్న వాటా దక్కినా, బొడ్డుతాడు మాయ నడుమ కాకుండా అంచున అతుక్కున్నా ఆ బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది. గుడ్డు పెడితే ఆ వాటా మారదు. నా చిన్నదానికీ ఇదే జరిగింది, నేనూ ఇలాగే నన్ను నేను తిట్టుకున్నాను.

లెక్క చూద్దాం. తేడా 350 గ్రాములు, దాన్ని పెద్ద బిడ్డ బరువు 1500తో భాగిస్తే దాదాపు 23 శాతం. 20 దాటిందంటే డాక్టర్లు జాగ్రత్తపడతారు, 25 దాటితే మరీనూ. స్కానింగ్ బరువు అంచనాయే, 10-15 శాతం అటూ ఇటూ అవుతుంది. అందుకే పాత స్కాన్లతో పోల్చి చూడాలి, చిన్న బిడ్డ ఎదుగుతూ ఉందా, ఆగిపోయిందా అని.

అన్నిటికంటే ముందు మూడో నెల స్కానింగ్ రిపోర్టు వెతుకు. మాయ ఒకటా, రెండా అన్నది 14 వారాల్లోపే బాగా తెలుస్తుంది. 'డైకొరియానిక్' అంటే రెండు, 'మోనోకొరియానిక్' అంటే ఒకటే.

అడిగినవారు:
దొరికింది అక్కా. 'మోనోకొరియానిక్ డైఅమ్నియాటిక్' అని ఉంది. నిన్నటి రిపోర్టులో ఉమ్మనీరు లోతు ఒకరికి 4.1, ఇంకొకరికి 5.2 సెంటీమీటర్లు.

జవాబు (కవలల తల్లిని):
అంటే మాయ ఒకటే, ఉమ్మనీటి సంచులు మాత్రం రెండు. ఉమ్మనీరు బాగుంది. ఒకరికి 2 లోపు, ఇంకొకరికి 8 పైన ఉంటే ఒకరి రక్తం మరొకరికి పోతోందని భయపడాలి. కానీ ఒకే మాయ, ఇంత తేడా ఉన్నప్పుడు రెండు వారాలు ఆగొద్దు. రేపే ఫీటల్ మెడిసిన్ డాక్టరు (కడుపులోని బిడ్డల్ని చూసే నిపుణులు) దగ్గరికి తీసుకెళ్లు. చిన్న బిడ్డ బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో డాప్లర్‌లో చూసి, ఎన్నాళ్లు ఆగొచ్చో వాళ్లే చెబుతారు. ఈలోగా ఏ బిడ్డ కదలికలు తగ్గినట్టనిపించినా, నీరు పోయినా, నొప్పులొచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి.

జవాబు (పసిపిల్లల వార్డులో నర్సుని):
ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) ఉన్న చోటే కాన్పు పెట్టుకోండి బాబూ. పుట్టాక బిడ్డని ఇంకో ఊరికి మోసుకెళ్లడం కంటే కడుపులో ఉండగా వెళ్లడమే మేలు. ముందే కాన్పు చేయాల్సొచ్చేలా ఉంటే ఊపిరితిత్తుల కోసం తల్లికి డెక్సామెథసోన్ 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు ఇస్తారు, వద్దనకండి.

చిన్న బిడ్డకి ఒంట్లో కొవ్వు తక్కువ. వేడి నిలవదు, షుగర్ పడిపోతుంది. మడమలో సూది గుచ్చి చుక్క రక్తం తీస్తుంటే కంగారు పడకండి, అది షుగర్ కోసమే. తాగే శక్తి లేకపోతే ముర్రుపాలు పిండి ఉగ్గుగిన్నెతో పడతాం. బరువు 2 కిలోల లోపుంటే 30 రోజుల్లోపు కంటి పరీక్ష తప్పదు. బిడ్డ బాగా తాగుతోంది కదా అని చాలామంది దాన్ని మానేస్తారు, అలా చేయకండి.

అడిగినవారు:
ఈరోజు వెళ్లొచ్చాం. చిన్న బిడ్డకి రక్తం బాగానే పారుతోందన్నారు. ఇక వారం వారం రమ్మన్నారు. కాన్పు కూడా ఎన్‌ఐసీయూ ఉన్న అక్కడే. మా అమ్మ పక్కనే కూర్చుని మీ జవాబులన్నీ చదివించుకుంది. బిడ్డల్ని గుండెకి ఆనించి పెట్టుకుంటారట కదా, అది తనూ చేయొచ్చా అని అడుగుతోంది.

జవాబు (పసిపిల్లల వార్డులో నర్సుని):
నిక్షేపంగా చేయొచ్చు. ఇద్దరు బిడ్డలకి తల్లి ఒక్కతే చాలదు, మీరూ చేయాలి. జలుబు, దగ్గు ఉండకూడదు. బిడ్డకి టోపీ, మేజోళ్లు, డైపరు మాత్రమే ఉంచి, ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్ము మీద పడుకోబెట్టి మెత్తటి పంచెతో కట్టుకోవాలి. అమ్మగారిని ముందు హుక్కులున్న జాకెట్టు వేసుకుని రమ్మనండి.