"ఇంతకీ" తీసేయమన్నారు, నాకు తీయబుద్ధి కాలేదు

పోయిన వారం ఒక కథ రాసి, బాగా చదివే స్నేహితురాలికి చూపించాను. కథ నచ్చిందంది గానీ, "ఇంతకీ"లు ఆరు చోట్ల ఉన్నాయి, అన్నీ తీసెయ్, ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుంది అంది. సరేనని ఒక్కొక్కటే తీశాను. మళ్లీ చదివితే ఆ కథ చెబుతున్నది నేను కాదనిపించింది.

ఒక చోటు చెబుతాను. తాతయ్య పాత సైకిల్‌తో మొదలుపెట్టి, అక్కణ్ణుంచి ఆయన కోపంలోకి, ఆ కోపానికి మేం దాక్కునే తలుపు చాటుకి వెళ్లిపోయి, నాలుగు వాక్యాల తర్వాత "ఇంతకీ ఆ సైకిల్‌కి బ్రేకుల్లేవు" అని వెనక్కొచ్చాను. "ఇంతకీ" తీసేసినా బ్రేకుల్లేని సంగతి తెలుస్తుంది, నిజమే. కానీ పక్కదారి పట్టానని నాకు తెలుసు, వచ్చేశా, పదండి అని వినేవాళ్ల చెయ్యి పట్టుకునే మాట పోయింది.

అసలు ఆ మాటని చూడండి. "ఇంత"కి "కి" చేరింది, చివర "వాడికీ, వీడికీ"లో ఉండే దీర్ఘం. "ఇంతకూ" అనేవాళ్లూ ఉన్నారు. అప్పటిదాకా చెప్పుకున్నదంతా ఆ "ఇంత"లో ఉంటుంది, అంత చెప్పినా అసలుది ఇంకా మిగిలే ఉందన్న ధ్వనీ ఉంటుంది. అందుకే గంటసేపు మాట్లాడుకున్నాక "ఇంతకీ మీ పేరేంటి?" అంటాం, ఎదురుపడగానే అనం. "సరే", "అయితే" పెట్టి చూశాను, కుదరలేదు.

గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడి వందేళ్లు దాటింది, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అయినా వాడుక భాష అంటే "వచ్చెను" బదులు "వచ్చాడు" అని రాయడం వరకే అనుకుంటున్నామేమో. కథ చెప్పే మనిషి ఆగడం, పక్కకెళ్లడం, తిరిగి రావడం కూడా వాడుకే కదా, అవి కాగితం మీదకి రాగానే తప్పులెందుకవ్వాలి?

రెండు "ఇంతకీ"లు ఊరికే పడ్డవే, పోనిచ్చాను. నాలుగు మళ్లీ పెట్టేశాను, అలాగే ఉంచుతున్నాను.

మీ ఇళ్లల్లో కథ చెప్పేవాళ్లు ఏమని దారిలోకి వచ్చేవాళ్లు? మా అమ్మమ్మ "ఆఁ, ఎక్కడిదాకా వచ్చాం?" అని ఆగేది, మేం చెబితే గానీ కథ కదిలేది కాదు.