వేషం కడిగితే మిగిలేది మేళమా, మేలమా?

కావలి: మా తాతగారు పద్యనాటక సమాజంలో హార్మోనియం వాయించేవారు. నటుల మధ్య పేచీ వచ్చినప్పుడల్లా “వేషం కడిగితే మిగిలేది…” అనేవారు. ఆ చివరి మాట మేళమో మేలమో తేలడం లేదు. ముఖాలకు రంగు పూసుకొని పాడే కిస్ అనే అమెరికా రాక్ బృందం గురించి నిన్న మా అబ్బాయి చెబుతుంటే, ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఒంగోలు: నిస్సందేహంగా ళకారమే. మేళం కట్టడం, మేళం చెదరడం మనకు వాడుకే. కూచిపూడివారివీ భాగవత మేళాలే. రంగు పోయినా కలిసికట్టుతనం మిగలాలని పెద్దాయన భావం.

కందుకూరు: మాస్టారు తొందరపడ్డారు. మేలమాడడమంటే పరిహాసమాడడం. రంగు కడిగాక మిగిలేది నవ్వులాటేనని హార్మోనియం ముందు కూర్చున్న మనిషి అంటేనే అందం. ఆయన నాలుక మడిచి పలికారా, లేదా?

కావలి: దవడన వక్కాకు పెట్టుకొని మాట్లాడేవారండీ. ఏ లకారమైనా ఒకేలా వినిపించేది.

ఒంగోలు: అయితే ఆ కిస్‌నే సాక్ష్యానికి పిలుద్దాం. 1973లో న్యూయార్కులో నలుగురు కలిసి తలొక వేషం కట్టారు, 1983లో రంగు కడిగేశారు, అయినా కచేరీలు ఆగలేదు. మేళం మిగిలినట్టే కదా!

కందుకూరు: ఏ మేళమండీ? పిల్లి వేషధారి పీటర్ క్రిస్ 1980లోనూ, ఏస్ ఫ్రేలీ 1982లోనూ, ముఖాన రంగు ఉండగానే వెళ్ళిపోయారు. 1996లో పాత నలుగురూ మళ్ళీ కలిసింది రంగు పూసుకొనే. వాళ్ళిద్దరూ తిరిగి విడిపోయాక వేరేవాళ్ళు అవే వేషాలు వేసుకొని, 2023 డిసెంబరు 2న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చివరి కచేరీదాకా నడిపించారు. అక్కడ మిగిలింది వేషమే.

నెల్లూరు: వేషాల గురించి ఇంత మాట్లాడుతూ పెన్న ఒడ్డున మన తిక్కన ఉన్నాడని మరిచారేం? విరాటుడి కొలువులో పాండవులది కట్టుదిట్టమైన మేళం. ఏడాదిపాటు ఒక్క వేషమూ జారలేదు. జారబోయిందల్లా “గీర్వాణాకృతు లేవు రిప్డు” అని కీచకుడితో అన్నచోట, సైరంధ్రిగా ఉన్న ద్రౌపది నోట. భర్తలు గంధర్వులని చెబుతూనే అయిదుగురన్న లెక్క బయటపెట్టింది!

ఒంగోలు: జారడమేమిటి, అది బెదిరింపు. పైగా “ఇప్డు” అన్నది అయిదుగురనే “ఏవురు”కు కాదు, పైబడి అనే తరువాతి “గిట్టి”కి అన్వయించాలి.

కందుకూరు: రెంటికీ చెల్లేలా పెట్టడమే తిక్కన పని.

కావలి: అయ్యా, మా తాతగారి మాట?

నెల్లూరు: వద్దాం. ముందు ఈ “ఇప్డు” సంగతి తేలనివ్వండి.