వైజాగ్‌ల అందరూ చూసేటివి కాకుండ ఇంకేమున్నయి? వరంగల్ నుంచి మూడు రోజులకు వస్తున్నం

హన్మకొండ చౌరస్తా:
డిసెంబర్ల నలుగురం పోతున్నం, అమ్మ కూడ వస్తది, ఆమెకు మోకాళ్ల నొప్పి. ఆర్‌కే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్, అరకు ఇదివరకే అయిపోయినయి. ధూళికట్ట, ఫణిగిరి అసొంటి పాత బౌద్ధ జాగలంటే మాకు ఇష్టం, జనం తక్కువున్న సముద్రం ఒడ్డు దొరికితే ఇంకా మంచిది. ఏది ఏ పూట చూడాలె, బస్సుల తిరగొచ్చా, బండి మాట్లాడుకోవాల్నా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

కాజీపేట లోకో:
భీమిలి రోడ్డుకు ఒక రోజంతా ఇచ్చేయి తమ్మీ. ఒకటే రోడ్డు మీద, సముద్రం పక్కపొంటి, వరుసగ తొట్లకొండ, బావికొండ (రెండూ పాత బౌద్ధ జాగలు), ఎర్రమట్టి దిబ్బలు, ఆఖరుకు భీమిలి వస్తయి. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగ భీమిలికి 900కె సిటీ బస్సు ఉంటది. కానీ తొట్లకొండ పైకి బస్సు పోదు, బీచ్ రోడ్డు మీద దిగి గుట్ట ఎక్కాలె. అమ్మ ఉన్నది కాబట్టి ఆ రోజుకు కారు మాట్లాడుకో. ఆగి చూసే టైమ్ కూడ కలిపి రేటు ముందే ఖాయం చేసుకో. లేకుంటే ప్రతి జాగల వెయిటింగ్ పంచాయతీ అయితది.

పొద్దున ముందుగాల ఎర్రమట్టి దిబ్బలకు పో. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక వేల ఏండ్లు పేరుకొని, రేణువుల మీద ఇనుము తుప్పు పూత పట్టి ఎర్రగైంది. తర్వాత వాన నీళ్లు దాన్ని కోసి లోతైన వాగుల్లెక్క చేసినయి. 2014ల దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగ గుర్తించిన్రు, 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. ఎండ ఏటవాలుగ పడ్డప్పుడే ఎరుపు మంచిగ కనపడుతది, పది దాటితే రంగు తేలిపోతది. నడిస్తే కింద కాల్వలల్ల నడువున్రి. ఫొటో కోసం అంచుల మీదికి ఎక్కొద్దు. పైన గట్టిగ కనపడ్డా లోపల వదులు ఇసుకే, అంచుతో సహా కూలుతది. పైగా ఒక్కొక్క అడుగుతోని ఆ దిబ్బ కరుగుతది. లోపల అన్ని దారులు ఒక్కతీరే ఉంటయి కాబట్టి సముద్రం ఏ దిక్కున్నదో యాదికి పెట్టుకోవాలె. నీళ్లు వెంట తీసుకపోవాలె.

తర్వాత భీమిలిల డచ్చోళ్ల సమాధులు. పిరమిడ్ తీరు కట్టడాలు, రాళ్ల మీద పుర్రె, ఎముకల బొమ్మలు. 1825ల ఈ ఊరు ఇంగ్లీషోళ్ల చేతికి పోయింది, 1861లనే మున్సిపాలిటీ అయింది. గేటుకు తాళం ఉంటే పక్కన అడగాలె. తిరుగు ప్రయాణంల మూడు గంటలకు తొట్లకొండ. బండి పైదాక పోతది, అమ్మకు ఇబ్బంది ఉండది.

ఆటుపోటు:
కాజీపేట అన్న చెప్పిన వరుస బాగుంది. ఒక్క మార్పు చెప్తాను. తొట్లకొండ కిందనే మంగమారిపేట ఒడ్డున సముద్రం తొలిచిన సహజ రాతి తోరణం ఉంది. పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే దగ్గరికి పోనివ్వదు, దూరం నుంచి రాయిని చూసి తిరిగి రావడమే. అందుకని ఆ రోజు వరుసను సముద్రమే తేల్చాలి.

ఫోన్‌లో విశాఖపట్నం టైడ్ టైమింగ్స్ చూడండి. రోజుకు రెండుసార్లు నీరు వెనక్కి పోతుంది, రెండింటికీ మధ్య సుమారు పన్నెండున్నర గంటలు. మరునాటికి ఆ టైమ్ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమి దగ్గర్లో నీరు ఇంకా కిందికి దిగుతుంది, తోరణానికి అవే మంచి రోజులు. నీరు అడుక్కి చేరడానికి గంట ముందు వెళ్లి, తిరిగి పెరగడం మొదలైన గంటలోపు బయటికి రండి. బండల మీద పాచి విపరీతంగా జారుతుంది. రబ్బరు అడుగున్న బూట్లే వేసుకోండి, మీ అమ్మగారు ఒడ్డునే ఉంటే మేలు. నీరు పొద్దున దిగితే ముందు తోరణం, ఆ తర్వాత దిబ్బలు. మధ్యాహ్నం దిగితే అన్న చెప్పిన వరుసే.

తొట్లకొండ మీద ఇంకో మాట: స్తూపం ఒక్కటి చూసి తిరగకండి. బండలో తొలిచిన నీటి తొట్లు, భిక్షువుల గదుల వరుసలు నెమ్మదిగా చూడాలి. తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కొండ అంచున నిలబడి సముద్రం చూస్తే అవి అక్కడికి ఎట్లా చేరాయో అర్థమవుతుంది.

హన్మకొండ చౌరస్తా:
మస్తు వివరం, ఇద్దరికీ థ్యాంక్స్. అనకాపల్లి కాడ బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు కూడ చూడాలని ఉన్నది. వాపసు గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల ఉన్నది. ఎట్ల కుదురుతది?

శిలాశాసనం:
వాపసు రోజే కుదురుతుంది బ్రదర్. గోదావరి సాయంత్రం విశాఖలో బయలుదేరి అనకాపల్లిలో ఆగుతుంది. పొద్దున్నే గది ఖాళీ చేసి సామానుతో అనకాపల్లి చేరండి. కొండ ఉన్న శంకరం ఊరు అక్కడికి 3 కిలోమీటర్లే. ఆటోను రానూపోనూ మాట్లాడుకోండి. చూడటానికి రెండు గంటలు పెట్టుకోండి.

ముఖ్యమైనది టికెట్. బోర్డింగ్ స్టేషన్‌ను ముందే అనకాపల్లికి మార్చుకోవాలి, ఆఖరు రోజు దాకా ఆగొద్దు. మార్చకపోతే విశాఖలో మీరు ఎక్కలేదని రాసుకొని బెర్తు వేరేవాళ్లకు ఇచ్చేయొచ్చు.

మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి అమ్మగారు కిందే నీడలో కూర్చోవడం మంచిది. ప్రధాన గుహలో 16 స్తంభాల మధ్య బండలోనే చెక్కిన స్తూపం ఉంది. ద్వారానికి రెండు పక్కలా ద్వారపాలకులు, గుహల మీద బుద్ధుడి మూర్తులు. పక్కనున్న లింగాలకొండను చాలామంది వదిలేసి వస్తారు, అది సరికాదు. కొండ బండనే వరుసలు వరుసలుగా స్తూపాలుగా చెక్కారు, ఇటుక స్తూపాలకు అలవాటు పడ్డ మన కంటికి అది కొత్త. 1906లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది.

రామప్ప బాట:
మిగిలిన రోజు పాత ఊరుకు పెట్టున్రి. తెల్లారక ముందు ఫిషింగ్ హార్బర్‌ల చేపల వేలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక మరపడవల వేటకు నిషేధం ఉంటది, డిసెంబర్ల ఆ బాధ లేదు. నేలంత తడి, చెప్పులు జారుతయి. అటెన్క రాస్ హిల్ మీది మరియమాత గుడికి పోతే ఓడలు పోర్టులకు వచ్చే కాల్వ కిందనే కనపడుతది. పక్క గుట్టల మీద ఒక దాంట్ల దర్గా, ఒక దాంట్ల వెంకటేశ్వర స్వామి గుడి. బీచ్ రోడ్డు మీది విశాఖ మ్యూజియంల 1942 ఏప్రిల్ 6న జపానోళ్లు వేసిన, పేలని బాంబు ఉన్నది.

యారాడ బీచ్‌కు పోవద్దని అనను, మూడు దిక్కుల కొండలతోని మస్తుంటది. కానీ నీళ్లల్లకు దిగితే మోకాలు దాటొద్దు. మన వరంగల్ భద్రకాళి చెరువుల ఈత నేర్చినోళ్లు సముద్రంల గూడ అట్లనే అనుకుంటరు. ఇక్కడ అల వాపసు పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను గుంజుకపోతది. అలలు విరగకుండ నున్నగ కనపడే జాగనే లోపలికి లాగే నీటి దారి. అందుల చిక్కితే ఒడ్డు దిక్కు ఎదురీదొద్దు. ఒడ్డుకు సమానంగ పక్కకు ఈది, అలలు విరిగే కాడికి వచ్చినంక ఒడ్డుకు తిరగాలె.